తలకిందుల పిట్ట

ఆబిడ్స్‌లో ఆయన్ని ఉల్టా వామన్‌రావు అనేవాళ్లు. ఎదురుగా అనేవాళ్లు కాదు లెండి, ఆయన అటు తిరిగాక అనేవాళ్లు. పాతకాలపు దీపం ఏది తెచ్చి చేతికిచ్చినా సరే, ముందు దాన్ని తలకిందులు చేసి పట్టుకునేవాడు. అలా ఓ నిమిషం చూసి, మళ్లీ మామూలుగా తిప్పి చూసి, ఆ తర్వాతే నోరు విప్పేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఈయనకేమైనా తిక్కేమో అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. తిక్కేమీ కాదు. ఆ అలవాటు ఆయనకు నలభై అయిదో ఏట వచ్చింది. అంతకుముందు ఆయన ఏ దీపాన్నీ అలా తిప్పి చూసిన పాపాన పోలేదు.

వామన్‌రావు నాంపల్లి స్టేషను వెనక పుట్టి పెరిగినవాడు. తండ్రి కచేరీ అరుగు మీద కూర్చుని అర్జీలు రాసేవాడు. కొడుకును కూడా ఆ అరుగు మీదే కూర్చోబెట్టాలని ఆయన ఆశ. కొడుక్కేమో కాగితాల వాసన పడేది కాదు. మెట్రిక్ ఎలాగో గట్టెక్కాక ఆబిడ్స్‌లో, పెద్ద రోడ్డు వెనక సందులో, రామచందర్ హర్రాజు ఖానాలో చేరిపోయాడు. హర్రాజు అంటే వేలంపాట. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి మొదలయ్యేది. జాగీర్లు పోయిన రోజులవి. నవాబుల పెద్ద పెద్ద భవనాలు, దేవిడీలు, ఖాళీ అవుతుంటే వాటిలోని బీరువాలు, నిలువుటద్దాలు, గోడ గడియారాలు బండ్ల మీద ఆ సందులోకి వచ్చి దిగేవి. సామానుకు నంబరు చీటీ అతికించడం వామన్‌రావు పని. బల్లలకూ కుర్చీలకూ చకచకా అతికించేవాడు గానీ, దీపం దగ్గరికొచ్చేసరికి చేతిలో జిగురు ఎండిపోయేదాకా అక్కడే నిలబడిపోయేవాడు.

నిలబడక ఏం చేస్తాడు చెప్పండి. విక్టోరియా రాణి కాలం నాటి గాజు అది. దీపం చుట్టూ ఉండే గాజు తొడుగును మనవాళ్లు డూము అంటారు. కొన్ని డూములు పగలు చూస్తే పాలమీగడ రంగులో ఉండి, లోపల దీపం పడగానే పండిన బొప్పాయి రంగుకు తిరిగేవి. కొన్నింటి మీద పావురం మెడ మీది నిగనిగలాంటిది కదలాడేది. ఒకదాని అంచు గులాబీ రంగులో మొదలై, కిందికి దిగేకొద్దీ వెలిసిపోతూ, చివరికి ఉత్త తెలుపైపోయేది. ఎక్కడ ఒక రంగు ఆగి రెండోది మొదలైందో పట్టుకుందామని చూసీ చూసీ, వామన్‌రావు భోజనం వేళ కూడా మరిచిపోయేవాడు.

ఎవరూ నేర్పలేదు. చేత్తో తడిమి, గోటితో మీటి, ఎండకు పట్టి చూసి తనే నేర్చుకున్నాడు. నోటితో ఊదిన గాజులో ఎక్కడో ఒకచోట గాలిబుడగ దొరుకుతుంది. అచ్చులో పోసినదానికి పక్కన సన్నటి కుట్టులాంటి గీత ఉంటుంది. రంగు గాజులోనే కలిసిందా, పైపైన పూశారా అన్నది విరిగిన అంచు చూస్తే చాలు. ఇక ఇత్తడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మకానికి తెచ్చే ముందు ఇళ్లలో వాళ్లు దాన్ని చింతపండూ ఇటుకపొడీ వేసి పూజగిన్నెలు తోమినట్టు తోమి, తళతళలాడిస్తూ తెచ్చేవాళ్లు. వందేళ్ల నలుపు, దానితోపాటు సగం విలువ, అలా తూములోకి పోయేది. వామన్‌రావు తల పట్టుకుని కూర్చునేవాడు.

పదేళ్లు తిరిగేసరికి దీపాల ధర చెప్పడం ఆయన పనే అయింది. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందు పగటి వెలుగులో చూడాలి. తర్వాత కిటికీలు మూసి, దీపం వెలిగించి, దాని కింద కుర్చీ వేసుకుని ఒక కప్పు చాయ్ తాగాలి. ఆ చాయ్ తాగినంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. చాయ్ కప్పులో కూడా ఆ రంగే పడేది. ఆయన కళ్లు అరమోడ్పులుగా ఉండేవి. ఆ దీపం ఏ హాల్లో వేలాడిందో, కింద ఏ తివాచీ పరిచారో, ఎవరు నవ్వారో, ఎవరు అలిగి లేచి వెళ్లారో అన్నీ ఆయనకు కనిపించేవట. కప్పు కింద పెట్టాక ధర చెప్పేవాడు. ఆ ధరకు అటూ ఇటూ అయ్యేది కాదు. అలా దీపాల కింద కలలు కనేవాడికి పిల్లనెవరిస్తారు, పెళ్లి ఊసే లేకుండా రోజులు గడిచిపోయాయి.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరు రిక్షాలో వేలాడదీసే మూడు ఇత్తడి కొమ్మల దీపం ఒకటి తెచ్చారు. ఆయన పేరు ఇంద్రసేన. కరెంటు శాఖలో ఫిట్టరుగా చేసి కొత్తగా పెన్షన్ తీసుకున్నాడు. పక్కన ఆయన భార్య అహల్య. ఇల్లు మారుతున్నారు. కొత్త ఇంటి కప్పు మరీ కిందికి ఉంది, దీపం పట్టదు. అమ్ముకోవాల్సిన అవసరం లేదుగానీ, ఎత్తయిన కప్పున్న ఇంటికి పోతే అది సుఖంగా ఉంటుందని ఆయన ఆలోచన. ఆడపిల్లను మంచి ఇంట్లో ఇవ్వాలని వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

మూడు కొమ్మలకూ మూడు డూములు కిందికి వేలాడుతున్నాయి. అదే గులాబీ అంచు, కుచ్చెళ్లు తీర్చినట్టు వంపులు. ఒక్కో డూము మీద రంగుల్లో గీసిన ఒక చెట్టుకొమ్మ, ఆ కొమ్మ మీద ఒక చిన్న పిట్ట, చుట్టూ పూరేకులు. వామన్‌రావు కిటికీలు మూయించి, బల్బులు వెలిగించి, చాయ్ తెప్పించుకుని కింద కూర్చున్నాడు. హాలంతా తెల్లవారబోయే ముందటి ఆకాశంలా అయింది. అంత మెత్తటి వెలుగు ఆయన అంతకుముందు చూడలేదు. ఇది అసలైనదే అని మనసు చెప్పింది. కానీ అప్పటికి ఆయన వయసు ఇరవై తొమ్మిది, ఎదురుగా నలభై మంది జనం, వాళ్ల ముందు తన కన్నెంత గట్టిదో చూపించుకోవాలన్న ఉబలాటం. కప్పు కింద పెట్టి లేచాడు.

"సాబ్, జర గిటు చూడున్రి," అన్నాడు. "గీ కొమ్మకు చిన్న చెవి ఉన్నది గద. తిప్పితే తిరుగుతది. తిరిగితే ఏమన్న అయితుందా? ఏం కాదు. కరెంటు దీపానికి గీ చెవి ఎందుకు? నకలు చేసెటోనికి అది దేనికో ఎరుక లేదు, చూసింది చూసినట్టు దింపిండు. ఇగ గీ పిట్టను చూడున్రి. కాళ్లు మీదికి, తలకాయ కిందికి. విలాయత్‌ల ఒక్కడన్న గిట్ల గీస్తడా? ఇది ఈడ బజార్ల చేసిన మాల్. మిమ్ముల ఎవరో మోసం చేసిన్రు."

జనం నవ్వారు. ఇంద్రసేన వాళ్ల వైపు చూడలేదు, దీపం వైపే చూస్తున్నాడు.

"పెట్టె మేకులు నేనే పీకిన బిడ్డా," అన్నాడు మెల్లగా. "నవాబు సాబ్ దేవిడీల వైరింగ్ చేసిన. ఆయన తండ్రి కాలంల విలాయత్ నుంచి వచ్చిన పెట్టె, ఎవరూ తెరువక కొట్టు అర్రల పడి ఉండె. పని మంచిగ చేసినవని నాకు ఇనామిచ్చిండు. లోపల గడ్డి గూడ విలాయత్ గడ్డే."

"గడ్డి మీద విలాయత్ ముద్ర గూడ ఉండెనా సాబ్?" అన్నారెవరో వెనక నుంచి. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది.

ఇంద్రసేన చివరికి, "అయితే తూకానికి వెయ్యిన్రి," అన్నాడు. అహల్య ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, "వద్దు, ఇంటికి తీస్కపోదం," అంది. "ఎందుకే? నువ్వు ఇన్నవ్ గద," అని ఆయన లేచాడు. పోతూ పోతూ ఆమె వామన్‌రావును ఒకసారి చూసింది. అందులో కోపం ఉందో లేదో ఆయనకు అర్థం కాలేదు.

ఇత్తడి కొమ్మలు తూకానికి పోయి ఏ బిందెలుగానో చెంబులుగానో కరిగిపోయాయి. రెండు డూముల్ని మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒక ఐస్‌క్రీమ్ దుకాణం వాడు ముచ్చటపడి కొన్నాడు. ఏడాది తిరక్కుండానే రెండూ పగిలిపోయాయి. మూడోది వామన్‌రావే తీసుకున్నాడు. నకలైతేనేం, ఆ వెలుగును వదులుకోవడం ఆయన వల్ల కాలేదు. నాంపల్లిలో తన గదికి తీసుకుపోయి, నడుమ బల్బుకు కట్టి వేలాడదీశాడు.

అక్కడి నుంచి పదహారేళ్లు ఆ గదిలో గులాబీ వెలుగే. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, దీపం వేసుకుని, చాయ్‌తో దాని కింద కూర్చునేవాడు. పూరేకులు కొమ్మ నుంచి లేచి పైకి, ఇంకా పైకి ఎగిరిపోతున్నట్టుండేవి. ఏ బజారు పెయింటరు గీశాడో గానీ, పాపం, వాడికి నేలా ఆకాశం తేడా తెలియలేదు, అనుకునేవాడు. అనుకుని నవ్వుకునేవాడు. ఆ పెయింటరు మీద ఆయనకు ప్రేమ కూడా పుట్టింది. బయట స్టేషనులో రైలు కూత వేస్తే గాజు సన్నగా కంపించేది, పిట్ట కదిలినట్టుండేది. తలకిందులుగా వేలాడే ఆ పిట్టతో ఆయన ఒక్కోసారి మాట్లాడేవాడు కూడా. ఒంటరివాడు, ఎవరితో మాట్లాడితేనేం లెండి.

డెబ్భై నాలుగులో పై వాటాలోకి కొత్తవాళ్లు కిరాయికి వచ్చారు. అమరేశ్వరరావు గారు సచివాలయంలో గుమాస్తా. రాష్ట్రం కలిసిన యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు వచ్చినవాడు, తెనాలి మనిషి. ఆయన భార్య సుబ్బరత్నం. వచ్చిన నెలలోపే ఒక మునిమాపు వేళ వాళ్ల వాటాలో ఫ్యూజు పోయింది. భర్త ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. కింద ఉన్నాయన దీపాల మనిషని ఎవరో చెబితే, ఆవిడ ఫ్యూజు వైరు అడగడానికి దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. నిలబడ్డావిడ వైరు సంగతి మరిచిపోయింది.

"ఇదేమిటండీ అన్నయ్యగారూ," అంది. "దీపాన్ని తలకిందులుగా వేలాడదీశారు?"

వామన్‌రావు నవ్వాడు. ఆ ప్రశ్నకు పదహారేళ్లుగా ఆయన దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటుంది. "దీపం కాదమ్మా, పిట్ట. గీసినోడు ఉల్టా గీసిండు."

"పిట్టను సరిగ్గానే గీశాడండీ. మీరే తిరగేసి పెట్టారు. ఇది గ్యాసు దీపం బుడ్డి కదా. నోరు పైకి ఉండాలి."

"గ్యాసు దీపమంటే, పెట్రోమాక్సా?"

"కాదండీ. మా నాన్న కలకత్తాలో షిప్పింగు కంపెనీలో చేసేవాడు. నేను పెళ్లయ్యేదాకా అక్కడే పెరిగాను. పొద్దుగూకేసరికి నిచ్చెన భుజాన వేసుకుని ఒకడొచ్చి వీధిలో గ్యాసు దీపాలు వెలిగించుకుంటూ పోయేవాడు. మేం పిల్లలం వాడి వెనకే పోయేవాళ్లం. ఒక్కొక్కటే వెలుగుతుంటే, వీధి చివరిదాకా వెలిగేసరికి చీకటి పడిపోయేది. నాన్న కంపెనీ దొరగారింట్లో లోపల కూడా అవే ఉండేవి. గోడలోంచి గొట్టంలో గ్యాసు వచ్చేది. మంట పైకి కదండీ లేచేది, అందుకని బుడ్డీ పైకే విచ్చుకుని ఉండేది."

వామన్‌రావు చేతిలో చాయ్ కప్పు అలాగే ఉండిపోయింది. ఆయన ఎరిగిన దేవిడీల్లో నూనె దీపాలు చూశాడు, కప్పు నుంచి వేలాడే కొవ్వొత్తుల ఝూమర్లు చూశాడు, కరెంటు చూశాడు. గోడల్లో గ్యాసు గొట్టాలున్న ఇల్లు ఒక్కటీ చూడలేదు. చూడనిది కళ్లెదుటికి వచ్చినా ఎలా తెలుస్తుంది. మెల్లగా అడిగాడు. "ఆ కొమ్మకు చిన్న చెవి గిట్ల ఏమన్న ఉంటుండెనా అమ్మా?"

"ఉండకపోతే ఎలాగండీ? దాన్ని తిప్పితేనే కదా గ్యాసు వచ్చేది. మా నాన్న నన్నెత్తుకుని ఒకసారి తిప్పించాడు కూడా."

ఆవిడకు ఫ్యూజు వైరు ఇచ్చాడో లేదో ఆయనకే గుర్తు లేదు. ఆవిడ పైకి వెళ్లాక స్టూలెక్కి డూము విప్పాడు. బల్లమీద బల్బు ఒకటి నిలబెట్టి, దాని మీద డూమును నోరు పైకి ఉండేటట్టు కూర్చోబెట్టి మీట నొక్కాడు.

వెలుగు నేల మీద పడలేదు, కప్పుకు ఎక్కింది. సున్నం పెచ్చులూడిన ఆ పాత కప్పు మీద గులాబీ వంపులు పెద్ద పువ్వులా పరుచుకున్నాయి. అంచులోని రంగు పైనుంచి కిందికి జారి పాలలో కలిసినట్టు తెలుపులో కలిసింది. రంగును వేసినవాడు వేసిందే అలాగ. పిట్ట కొమ్మ మీద కుదురుగా కూర్చుని, మెడ ఎత్తి, ఆ వెలుగులోకి చూస్తోంది. పదహారేళ్లు పైకెగిరిన పూరేకులు మెల్లగా, ఒక్కొక్కటే, కిందికి రాలుతున్నాయి. వామన్‌రావు మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. అంత అందమైనది తన జన్మలో చూడలేదనుకున్నాడు. ఆ వెంటనే కుర్చీ అంచున కూర్చున్న ఇంద్రసేన గుర్తొచ్చాడు. పెట్టె మేకులు నేనే పీకిన బిడ్డా, అన్న మాట చెవిలో పడింది. ఆ పెద్దమనిషి నిజం చెప్పాడు. నలభై మంది ముందు తను ఆయన్ని వెర్రివాడిని చేశాడు.

మర్నాడు పొద్దున్నే రామచందర్‌ను ఇంద్రసేన అప్పట్లో రాయించిన చిరునామా అడిగాడు. సంగతి విని రామచందర్ నొసలు చిట్లించాడు. "పదహారేండ్ల కిందటిది ఇప్పుడెవడు అడిగిండు వామన్‌రావ్? నీ మాట మీదనే మన హర్రాజు నడుస్తున్నది. నువ్వే తప్పు చెప్పిన అంటే, ఇన్నేండ్లు నీ మాట మీద కొన్నోళ్లు ఏమంటరు? ఊకో." అన్నాడే గానీ, పాత పుస్తకం తీసి ముందు పెట్టాడు. లోపల మంచివాడే.

ఇల్లు నాంపల్లిలోనే, వామన్‌రావు గదికి నాలుగు సందులవతల. పదహారేళ్లు ఆ నాలుగు సందుల దూరంలో ఉండి కూడా ఒకసారి ఎదురుపడలేదంటే ఆశ్చర్యమే. ముందు గది దర్జీకి కిరాయికిచ్చారు. మిషను చప్పుడు దాటి లోపలికి పోతే, తల వంచుకుని నడవాల్సినంత కిందికి ఉన్న కప్పు. అహల్య బియ్యం ఏరుతూ కూర్చుంది. తల పూర్తిగా నెరిసిపోయింది. గోడకు ఇంద్రసేన ఫోటో, దానికి దండ ఉన్నాయి. పోయి మూడేళ్లయిందట.

తువ్వాలులో చుట్టి తెచ్చిన డూమును వామన్‌రావు ఆమె ముందు విప్పి, నోరు పైకి పెట్టి, చెప్పాల్సింది చెప్పాడు. ఆమె చాట పక్కన పెట్టి, పిట్టను వేలితో తడిమి చూసింది.

"పిట్ట ఉల్టా ఉన్నదని నేను కాపురానికొచ్చిన కొత్తల్నే చెప్పిన," అంది. ఆమె పెదవుల మీద నవ్వులాంటిది వచ్చింది. "బల్బు కిందికి ఉంటెనే వెలుగు పడుతది, నీకేం ఎరుక అన్నడు. ఆయనే కొక్కెం కొట్టి తిరగేసి కట్టిండు. ఊళ్ల ఎవరింట్ల లేని దీపమని అందరిని పిల్చి చూపెటోడు."

"అమ్మా, ఆయన చెప్పినదంత నిజమే. తప్పు నాది."

ఆమె డూమును మళ్లీ తువ్వాలు మీదికి జరిపింది. తర్వాత, "ఈడ నాతోని చెప్తే ఏం లాభం," అంది. "నువ్వు ఏడ అన్నవో ఆడ్నే చెప్పు. ఆ తర్వాత ఆయన మీ సందు ముందర నుంచి నడువనే లేదు. సుల్తాన్ బజార్‌కు పోవాలన్నా చుట్టు తిరిగి పోయెటోడు. ఆదివారం నేనొస్త."

ఆదివారం ఆమె వచ్చింది. వామన్‌రావు ఆమెకు ముందు వరసలో కుర్చీ వేశాడు. కొననూ లేక మాననూ లేక ప్రతి వారం వచ్చే పాతకాపులు సగానికి పైగా అక్కడే ఉన్నారు. కిటికీలు మూయించి, డూమును బల్లమీద వెలిగించాడు. హాలు కప్పు గులాబీ రంగుకు తిరిగింది. ఈసారి చాయ్ తెప్పించుకోలేదు.

"యాభై ఎనిమిదిల ఇంద్రసేన సాబ్ గీ దీపం తెచ్చిండు," అన్నాడు. "ఇది బజారు నకలని గీడ నిలబడి నేనే చెప్పిన. మీరు నవ్విన్రు. అది నకలు కాదు. విక్టోరియా కాలంల విలాయత్‌ల చేసిన గ్యాసు దీపం. ఉల్టా కట్టినందుకు పిట్ట ఉల్టా కనబడ్డది. చెవి గ్యాసు తిప్పెటందుకు పెట్టిన్రు. ఆయన పెట్టె విప్పిన అన్నది నిజం. నాకు ఎరుక లేక, ఎరుక లేదని చెప్పక, ఆయనను తప్పు పట్టిన. కొమ్మలతోని మూడు డూములు గిట్ల ఉంటే, ఇయ్యాల ఈ హాల్ల ఉన్న సామానంత కలిపినా దాని ధరకు సరిపోదు. నా మాటతోని అది కరిగిపోయింది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక పెద్దమనిషి, "అయితే మాకు చెప్పినయి గూడ గిట్లనేనా?" అని అడిగాడు. రామచందర్ మొహం వాడిపోయింది.

"ఏమో సాబ్. తీస్కరాన్రి, మళ్ల చూస్త," అన్నాడు వామన్‌రావు. అన్నట్టే ఆ తర్వాత ఎన్నో నెలలు జనం పాత దీపాలు మోసుకొచ్చారు. ఆయన ఒక్కొక్కదాన్నీ తలకిందులు చేసి చూశాడు. రెండింటి దగ్గర తను చెప్పింది తప్పని తేలితే, అదీ చెప్పాడు. ఉల్టా అన్న పేరు అప్పుడే పడింది. మాట మీద నమ్మకం తగ్గుతుందని రామచందర్ భయపడ్డాడు గానీ, ఆదివారాలు జనం పలచబడింది లేదు.

ఆ ఆదివారం మాత్రం పాట మొదలుకాకముందే అహల్య లేచింది. వామన్‌రావు డూమును తువ్వాలులో చుట్టి ఆమె వెంట రోడ్డు దాకా వచ్చాడు. ఎండ అప్పుడే ఎక్కుతోంది. రిక్షా పిలిచి ఆమెను ఎక్కించాడు. రేపొచ్చి గోడకు బిగించి ఇస్తానని, నోరు పైకి ఉండేదానికి కప్పు ఎత్తుతో పని లేదని చెప్పాడు. డూమును ఒళ్లో పెట్టబోతే, ఆమె తువ్వాలు తీసేసి, దాన్ని తన కొంగులోకి తీసుకుంది.

వామన్‌రావు రిక్షా చక్రం పట్టుకుని నిలబడ్డాడు. పదహారేళ్ల నాటి ఆమె చూపు ఇంకా ఆయనకు గుచ్చుకుంటూనే ఉంది. "అమ్మా, నన్ను మాఫ్ చెయ్యిన్రి," అన్నాడు. "నా మాట నమ్మి ఇన్నేండ్లు మీరు ఆయనను అనుమానించి ఉంటరు."

అహల్య ఆయన వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది.

"నీ మాట నేనెన్నడు నమ్మలే బిడ్డా," అంది. "ఆయన నమ్మిండు."

రిక్షా నాంపల్లి వైపు మళ్లింది. వామన్‌రావు చేతిలో ఖాళీ తువ్వాలు మిగిలింది.